మసీరా ఒడ్డున ఒక ధర్మసందేహం

సంపాదకులు నన్ను అడిగింది యాత్రా వృత్తాంతం. పోయిన మే నెలలో మనవాళ్ళం నాలుగు కుటుంబాలు మసీరా దీవికి వెళ్ళి వచ్చాం గదా, ఎక్కడ దిగారు, ఏం తిన్నారు, మనిషికి ఎంతైంది, పిల్లలతో వెళ్ళవచ్చునా అన్న సంగతులు రాసిస్తే ఇకముందు వెళ్ళదలచినవారికి పనికివస్తుందన్నారు. మూడుసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడుసార్లూ ఒక్క చోటికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఆ చోటు దాటవేసి రాయవచ్చు. మేం తీసుకున్న ఫోటోలు కూడా ఆ చోటును దాటవేసే ఉన్నాయి. కాని దాటవేసి రాసింది చదువుకుని మీరు బయలుదేరితే, మీరూ తిన్నగా ఆ చోటికే చేరుకుంటారు. అందుచేత వృత్తాంతం తగ్గించి నా సందేహమే ఎక్కువ రాస్తున్నాను. పూర్వం విజయవాడ రేడియోలో ఉషశ్రీగారు ధర్మసందేహాలు తీర్చేవారు. మనలో పెద్దవాళ్ళకు ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది. ఇప్పుడు ఆయన లేరు కనుక మీరే ఆలోచించి చెప్పాలి.

యాత్రకు కావలసిన మాటలు ముందు చెప్పేస్తాను. మస్కట్ నుంచి మసీరాకు దగ్గర దగ్గర 500 కిలోమీటర్లు. షన్నా రేవు దాకా రోడ్డు, అక్కణ్ణుంచి కార్లతో సహా ఫెర్రీ ఎక్కాలి. గంట, గంటన్నరలో హిల్ఫ్ అనే ఊరు చేరుస్తుంది. దీవిలో ఊరు అనదగింది అదే. మేం గురువారం సెలవు పెట్టి పొద్దున్నే బయలుదేరి, రాత్రికి హిల్ఫ్‌లో బస చేసి, శుక్రవారం పగలంతా దీవి చూసి, శనివారం తిరిగి వచ్చాం. పిల్లలతో హాయిగా వెళ్ళవచ్చు. పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్ళటం మంచిది. ఇంతకన్నా వివరాలు కావలసినవారు నాకు ఫోను చేస్తే చెబుతాను.

మసీరా ఒమాన్ దీవులన్నిటిలోకీ పెద్దది. పొడవు సుమారు 95 కిలోమీటర్లు, వెడల్పు మాత్రం బాగా ఉన్నచోట కూడా పదిహేనుకు లోపే. పడమటి వైపు పలచని నీళ్ళు, బురద, మన పులికాట్ సరస్సుకు వచ్చేలాంటి ఫ్లెమింగోలు. తూర్పు వైపు అడ్డూ ఆపూ లేని అరేబియా సముద్రం. మధ్యలో నల్లగా, గోధుమరంగుగా, గడ్డిపరక లేని కొండలు. ఆ రాళ్ళు భూమి మీద పుట్టినవి కావనీ, సుమారు 15 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుగే పైకి లేచి అలా నిలిచిందనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంగ్లీషువాళ్ళు అక్కడ విమానాల స్థావరం పెట్టుకుని 1977 దాకా ఉన్నారు. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలైన తమవాళ్ళను విడిపించుకోవాలని అమెరికా చేసి విఫలమైన ప్రయత్నంలో విమానాలు లేచింది కూడా ఇక్కణ్ణుంచే. అంటే ఈ దీవిలో దిగిన పెద్దపెద్దవాళ్ళంతా ఇంకెక్కడికో పోవటానికి దిగినవాళ్ళే. ఇక్కడికే అని బయలుదేరి వచ్చేవి తాబేళ్ళు.

ఒమాన్‌లో తాబేళ్ళనగానే మనవాళ్ళకు రాస్ అల్ జింజ్ గుర్తుకొస్తుంది. అది 1996 నుంచి రక్షిత ప్రాంతం. రాత్రిపూట గైడు వెంట గుంపులుగా, నడిచి, దీపాలు వేయకుండా చూసి రావాలి. అక్కడివి ఎక్కువగా పచ్చ తాబేళ్ళు. మసీరా తూర్పు ఒడ్డుకు వచ్చేవాటిలో ముఖ్యమైనవి లాగర్‌హెడ్ అనే పెద్ద తలకాయ తాబేళ్ళు. 1970ల చివర శాస్త్రజ్ఞులు వచ్చి లెక్కవేసినప్పుడు ఏడాదికి సుమారు 30,000 ఆడ తాబేళ్ళు ఈ ఒడ్డున గుడ్లు పెడుతున్నాయన్నారు. ఆ జాతికి ప్రపంచంలో ఇంత పెద్ద పురిటిల్లు ఒకటి రెండు చోట్ల తప్ప లేదన్నారు. 2020లో అచ్చయిన మరో పరిశీలన ప్రకారం, సుమారు ఇరవై ఏళ్ళలో ఆ సంఖ్యలో ఐదింట నాలుగు వంతులు పోయాయి. వలల్లో చిక్కి చావటమే పెద్ద కారణమని అనుమానం. ఒడ్డున దీపాలు, పారేసిన వలలు, బండ్లు తరవాతి వరసలో వస్తాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇక శుక్రవారం సంగతి. మా గైడు ఆ దీవివాడే. ఏభై దాటిన మనిషి. అరబ్బీ యాసతో హిందీ మాట్లాడతాడు. మేం ఆయన్ని భాయ్ అన్నాం, ఆయన మమ్మల్ని భాయ్ అన్నాడు. ఆయనా, ఆయన తమ్ముడి కొడుకూ చెరో లాండ్ క్రూజరు నడిపారు. ఊరు దాటి తారు రోడ్డు దిగగానే ఆపి, నాలుగు టైర్లలోనూ గాలి తీశాడు. గాలి తగ్గితే టైరు మెత్తగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదట. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. టైరు అలా పొట్ట జారినట్టు కిందికి దిగటం చూసి తెగ సంబరపడ్డాడు.

ఆరున్నరకు తూర్పు ఒడ్డు కనిపించింది. ఎంతదూరం చూసినా మనిషి లేడు. ఇసుక మీద మాత్రం నీళ్ళలోంచి పైకీ, పైనుంచి నీళ్ళలోకీ వెడల్పుగా గీతలు. మావాడు చూసి, "నాన్నా, ట్రాక్టరు పోయింది" అన్నాడు. నిజంగా ట్రాక్టరు చక్రం జాడలాగే ఉంటుంది. గైడు నవ్వి, అవి రాత్రి తాబేళ్ళు నడిచిన జాడలని చెప్పాడు. పైకి వెళ్ళిన జాడ చివర ఇసుక గుంటగా తవ్వి పూడ్చినట్టుంది. దానికింద మూరెడు లోతున నూరు దాకా గుడ్లు. సుమారు 50, 60 రోజులకు పిల్లలు అవంతట అవే ఇసుక తవ్వుకుని పైకి వస్తాయి. రాత్రిపూట నీటి మీది వెలుతురు గుర్తుపట్టి సముద్రం వైపు పరుగు తీస్తాయి. వెయ్యింట ఒకటి బతుకుతుందేమో. బతికినది పాతిక ముప్ఫై ఏళ్ళకు, తాను పుట్టిన ప్రాంతం వెతుక్కుంటూ మళ్ళీ ఇటే వస్తుంది. అంటే ఆ పొద్దున మేం చూసిన జాడలు పాతిక ముప్ఫై ఏళ్ళ కిందట అదే తీరాన ఒక రాత్రి ప్రాణంతో నీళ్ళు చేరిన పిల్లలవి.

గైడు బండి గట్టు మీదే ఆపేశాడు. ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళండి, గుంటలు తొక్కకండి, ఇప్పుడు ఇది వాటి నెల అన్నాడు.

ఇక్కడే మొదలైంది. మాలో ఒక ఇంజనీరుగారు తన ఫోనులో ఏదో ప్రకటన బొమ్మ చూపించారు. అలల అంచున బండి, చక్రాల పక్క నీళ్ళు రెక్కల్లా లేచినట్టు. "మనం డబ్బు కట్టింది దీనికి గదండీ" అన్నారు. ఆడవాళ్ళు వద్దన్నారు, వద్దన్నట్టే అన్నారు గాని గట్టిగా అనలేదు. పిల్లలు కావాలన్నారు. హిందీ బాగా వచ్చినవాణ్ణి నేను కనుక బేరం నా మీద పడింది. ఇది చెప్పటానికే ఇంతసేపు తటపటాయించాను: బేరం చేసినవాణ్ణి నేనే. ఐదు నిమిషాలు భాయ్, ఒక్క ఫోటో అన్నాను. ఐదు రియాళ్ళు ఎక్కువ ఇస్తామన్నాను. ఇంత దూరం మళ్ళీ వస్తామా అన్నాను. ఆయన సముద్రం వైపు చాలాసేపు చూశాడు. ఒప్పుకుంటున్నానని అనలేదు. బండి దిగి, ముందు తాను నడిచి, ఏ గుంటకూ ఏ గుంటకూ మధ్య సందు ఉందో చూసుకుంటూ, కాలితో ఇసుక మీద గీత గీసుకుంటూ నీళ్ళదాకా వెళ్ళి వచ్చాడు. ఆ గీత మీదుగా బండి దించాడు. తడి ఇసుక మీద అటూ ఇటూ తిప్పాడు. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంజనీరుగారిది మీరంతా చూసే ఉంటారు.

తిరిగి ఎక్కేటప్పుడు గీత తప్పింది. పొడి ఇసుకలో వెనక చక్రం జారి కూరుకుంది. ఆయన ఆగమంటూనే ఉన్నాడు, మాలో ఒకరు దిగి తొయ్యబోయారు, తమ్ముడి కొడుకు ఏదో అరిచాడు, చక్రం గిర్రున తిరిగింది. చూస్తుండగానే మోకాలిలోతు గొయ్యి పడింది. పై ఇసుక పొడిగా తెల్లగా ఉంది. లోపలినుంచి వచ్చింది తడిగా, రంగు మారి వచ్చింది. పలకలు వేసి, నలుగురం తోసి, బండి బయటపడేశాం. మేం బట్టలు దులుపుకుంటూ ఉండగా ఆయన పార తీసుకుని ఆ గోతి దగ్గర నిలబడ్డాడు. నన్ను చూశాడు. చూస్తావా అన్నట్టు అనిపించింది. నోటితో మాత్రం ఏమీ అనలేదు. నేను చేత్తో, కప్పెయ్యి అన్నట్టు సైగ చేశాను.

కప్పేశాడు. అదీ నేను దాటవేయబోయిన చోటు.

ఆ గోతిలో ఏముందో నాకు తెలియదు. ఏమీ లేకపోవటానికే అవకాశం ఎక్కువ. ఆయన గుంటలు తప్పించే దించాడు, తప్పిన గీత కూడా రెండు బారలే. కాని గాలికి పాత గుంటల గుర్తులు చెరిగిపోతాయి గదా, వారం కిందట పెట్టిన గుడ్లకు పైన గుర్తేముంటుంది? వంగి చేత్తో ఇసుక తీసి చూస్తే అర నిమిషంలో తేలేది. ఐదువందల కిలోమీటర్లు వెళ్ళింది చూడటానికే. రాళ్ళు చూశాం, పక్షుల్ని చూశాం, దక్షిణపు కొసన రాస్ అబూ రసాస్ దగ్గర నిలబడి సముద్రం చూశాం. ఆ గోతిలోకి మాత్రం పద్నాలుగు మందిమీ చూడలేదు. చూడటానికి వెళ్ళినవాళ్ళం చూడకూడదని నిర్ణయించుకున్న చోటు అదొక్కటే.

మధ్యాహ్నం శుక్రవారపు ప్రార్థనకు గైడు మసీదు దగ్గర ఆగితే, మేం నీడలో దద్దోజనం తింటూ ఈ మాటే మాట్లాడుకున్నాం. తెలియని దాన్ని గురించి బాధపడటం దండగ అన్నారు ఒకరు. పెద్ద మాటే అది. మన సంకల్పాల్లో, ప్రార్థనల్లో తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని అడుగుతూనే ఉంటాం, తెలియక చేసినదానికి బరువు తక్కువని లోకం ఒప్పుకుంటుంది. సరే. కాని తెలియకపోవటంలో రెండు రకాలున్నాయి. చీకట్లో కాలికింద పురుగు పడితే అది తెలియకపోవటం. దీపం చేతిలో ఉండి, కింద ఏముందోనని వత్తి తగ్గించుకుని నడిస్తే దాన్నేమనాలి? నా వృత్తి లెక్కలు రాయటం. కంపెనీ మీద ఎవడో దావా వేశాడనుకోండి, తీర్పు రాలేదు, కట్టవలసి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ సంగతి బాలన్సు షీటులో రాయకుండా ఉండటానికి వీల్లేదు. అంకెల్లో వేయకపోయినా అడుగున నోటు రాసి తీరాలి. ఇదిగో ఇలాంటి బాకీ ఒకటి ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని. ఉండకపోవచ్చు గదా అని వదిలేసిన గుమాస్తాను నేనే మందలించాను. నా సొంత పద్దుకొచ్చేసరికి చేత్తో సైగ చేసి కప్పించాను.

ఇంజనీరుగారి వాదం వేరు. ఏటా ట్రాలర్ల వలల్లో చచ్చేవాటి ముందు మన చక్రం ఎంతండీ అన్నారు. పైన రాసిన వరస ఇందుకే గుర్తుపెట్టుకోమన్నాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన విశాఖ, కాకినాడ తీరాల్లో కూడా చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చచ్చి కొట్టుకురావటం మీరు చూసే ఉంటారు. మనదేశంలో వాటికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అయినా వలకు చట్టం తెలియదు. కాని వల వేసేవాడు ఇంటిల్లిపాదికీ అన్నం కోసం వేస్తాడు. వాడి తప్పు పెద్దది, వాడి అవసరమూ పెద్దదే. నా తప్పు చిన్నది, నా అవసరమో? ఒక ఫోటో. తప్పును కొలిచేటప్పుడు ఎంత నష్టం జరిగిందన్నదొక్కటే చూస్తే ఇంజనీరుగారిదే గెలుపు. ఏ పని కోసం జరిగిందన్నది కూడా త్రాసులో వేస్తే అంత తేలిగ్గా తేలదు.

మన పెద్దలు దీన్ని ఆలోచించకపోలేదు. గృహస్థు ఇంట్లో పంచసూనలని ఐదు హింసాస్థానాలు చెప్పారు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ. మనుస్మృతిలో ఉందీ మాట. వంట చేస్తే, ఊడిస్తే, దంచితే కంటికి కనపడని ప్రాణులు చస్తాయి; అది తప్పదు. తప్పదు కనుక దానికి బదులుగా రోజూ ఐదు యజ్ఞాలు చెయ్యమన్నారు. అతిథికి పెట్టటం, భూతాలకు బలి వేయటం, చదువుకోవటం, అలాంటివి. ఆ గ్రంథంలో నాకు మింగుడుపడనివి చాలా ఉన్నాయిగాని, ఈ ఒక్క చోట మాత్రం నాకు ఆశ్చర్యం కలుగుతుంది. చీపురు కింద చచ్చిన చీమను ఎవరూ లెక్కపెట్టరు, లెక్కపెట్టలేరు. అయినా బాకీ ఉందనే అనుకుని రోజూ కొంత తీర్చమన్నారు. నేను చూడలేదు కనుక లేదు అనలేదు. పైగా ఆ జాబితా చూడండి. ఐదూ బతకటానికి తప్పనిసరివే. ఆరోదిగా వినోదాన్ని చేర్చలేదు. చేర్చి ఉంటే దానికి ఏ యజ్ఞం విధించేవారో!

బౌద్ధంలో ఇంకో కథ ఉంది. భిక్షువులు వానాకాలంలో కూడా ఊళ్ళు తిరుగుతుంటే, పచ్చని మొలకల్నీ చిన్నచిన్న ప్రాణుల్నీ తొక్కేస్తున్నారని జనం ఆక్షేపించారట. అప్పుడు బుద్ధుడు వర్షావాసం విధించాడు, మూడునెలలు ఒకచోటే ఉండమని. నాకిందులో నచ్చేదేమంటే, తిరగటం తప్పని ఆయన అనలేదు. మిగతా తొమ్మిది నెలలూ తిరగవలసినవాళ్ళే వాళ్ళు. ఫలానా నెలల్లో నేల మీద హక్కు ఇంకొకరిది అన్నాడు, అంతే. విశాఖ దగ్గర తొట్లకొండ మీద ఆ విహారాల శిథిలాలున్నాయి. అక్కడ నిలబడితే కింద సముద్రం, ఒడ్డు కనిపిస్తాయి. చదువుకునే రోజుల్లో రెండుసార్లు వెళ్ళాను. ఆ గదుల్లో మూడునెలలు కదలకుండా కూర్చోవటం కూడా ఒక పనేనని అప్పుడు తోచలేదు. మసీరా గైడు "ఇప్పుడు ఇది వాటి నెల" అన్నప్పుడైనా తోచవలసింది.

చూడటం వల్ల ఎవరికీ ఏమీ కాదని మనకొక నమ్మకం ఉంది. వేదాంతంలో సాక్షి అని ఒకణ్ణి చెబుతారు. వాడు చేసేవాడు కాడు, అనుభవించేవాడు కాడు, ఊరికే చూస్తాడు, వాడికేమీ అంటదు. యాత్రికుడు తనకు తెలియకుండానే ఆ వేషం వేసుకుంటాడు. నేను కొనటానికి రాలేదు, పట్టటానికి రాలేదు, చంపటానికి రాలేదు, చూసి పోతాను అంటాడు. కాని వేదాంతంలోని సాక్షికి బరువు లేదు. మా సాక్షి బండితో కలిపి మూడు టన్నులు. ఇసుక అణిగితే కింది పిల్లలు పైకి తవ్వుకు రాలేవు. పైకి వచ్చినా, చక్రం చేసిన జానెడు గాడి రెండంగుళాల పిల్లకు ప్రహరీగోడ. ఎక్కలేక ఆ గాడి వెంబడే సముద్రానికి అడ్డంగా పోతూంటుంది, పీతలకూ పక్షులకూ దొరికేదాకా. అది జరిగేటప్పుడు చక్రం వేసినవాడు ఆఫీసులో ఉంటాడు. దెబ్బకూ దెబ్బ తగలటానికీ మధ్య ఏభై రోజులు. ఇంత దూరంగా జరిగే దెబ్బకు మన అంతరాత్మ అలవాటుపడలేదు. అది ఎదురుగా రక్తం కనపడితే ఉలిక్కిపడుతుంది, రెండు నెలల తరవాత జరగబోయేదానికి ఉలిక్కిపడటం దానికి ఇంకా నేర్పాలి.

గైడు సంగతి చెప్పకపోతే అన్యాయం. సాయంత్రం హిల్ఫ్‌లో దిగబెట్టేముందు నేనొక్కణ్ణే ఆయనతో టీ తాగాను. మీరు ముందు కాదన్నారు గదా, ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. అడగటం నాకు తగదు, అయినా అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. చిన్నప్పుడు మేమే ఆ గుడ్లు తెచ్చుకుని తిన్నాం భాయ్, నేనేమీ సాధువును కాను అన్నాడు. నేను కాదంటే మీరు రేపు ఇంకొకణ్ణి అడుగుతారు, వాడు ముందు దిగి నడిచి చూడడు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మీకు ఒక్క శుక్రవారం, నాకు ప్రతి శుక్రవారం. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు ఐదు రియాళ్ళు చూపిస్తారు.

నేను కాకపోతే ఇంకొకడు అన్న వాదం మనకు కొత్తది కాదు. గల్ఫులో ఉద్యోగం చేసే మనలో ఎందరం ఎన్నిసార్లు దీన్ని చెప్పుకుని సంతకం పెట్టలేదు? మనుషుల్ని పన్నెండుమందిని కుక్కే గదికి ఆరుగురని రాసిన కాగితం నా బల్ల మీదికీ ఒకప్పుడు వచ్చింది. నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడని పెట్టాను. ఆ వాదంలో నిజం లేకపోలేదు. ఇంకొకడు పెట్టేవాడే. కాని గైడుకూ నాకూ ఒక తేడా కనిపించింది. ఆయన ఆ వాదం చెప్పి ఊరుకోలేదు. ముందు నడిచి గీత గీశాడు, తరవాత పార తీసుకుని, మేం ఫోటోలు ఒకరివొకరం చూసుకుంటున్నంతసేపూ, రెండు చక్రాల గాళ్ళూ నీళ్ళ దగ్గర్నుంచి గట్టుదాకా చదును చేశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఎండలో. మాలో ఒక్కరం కూడా వెళ్ళి సాయం పట్టలేదు. ఐదు రియాళ్ళలో అదీ కలిసే ఉందనుకున్నాం కాబోలు.

ఇక్కడే నా అసలు సందేహం. మేం ఆయనకిచ్చిన ఐదు రియాళ్ళు దేనికి? బండి దించినందుకైతే అది కూలి. ఆయన వద్దన్నదాన్ని సరేననిపించినందుకైతే దానికింకో పేరుంది. నేను ఇన్నాళ్ళూ అనుకున్నదేమంటే, గైడును పెట్టుకుంటే తప్పొప్పులు ఆయన చూసుకుంటాడని. డాక్టరును నమ్మినట్టు నమ్ముతాం గదా. కాని డాక్టరు వద్దన్న మందును డబ్బెక్కువిచ్చి రాయించుకుంటే, రాసింది ఆయనే అని చెప్పటానికి నోరెలా వస్తుంది? ఆ దీవిలో సంపాదనకు చేపలు తప్ప ఎక్కువ దారులు లేవు, నైరుతి గాలులు మొదలైతే అదీ కష్టం. అలాంటివాడికి కాదనే స్వేచ్ఛ మనం అనుకున్నంత ఉండదు. ఆయనకు లేని ఆ స్వేచ్ఛ నా దగ్గర జేబునిండా ఉంది. నేను అడగకపోతే చాలు.

వెళ్ళకుండా ఉంటే సరిపోయేదా? ఇదీ ఆలోచించాను. మా ఆవిడ ఆ మాటే అన్నది: ఇంత బాధపడేవాడివి ఇంట్లో కూర్చోవలసింది అని. నేను అలా అనుకోను. వెళ్ళి ఉండకపోతే మావాడికి ఆ ట్రాక్టరు జాడ ఏమిటో తెలిసేది కాదు, గైడుకు ఆ నెల కూలి ఉండేది కాదు, దీవి వాళ్ళకు బతికున్న తాబేలు వల్ల నాలుగు డబ్బులొస్తేనే దాన్ని కాచేవాళ్ళు ఎక్కువవుతారు. మన దేశం నుంచి వచ్చి పదేళ్ళు ఈ దేశంలో పనిచేసి, క్యాంపూ సైటూ తప్ప ఏమీ చూడకుండా తిరిగిపోయిన వాళ్ళను నేనెరుగుదును. వాళ్ళకు చూడవద్దని ఉపదేశం చెయ్యటానికి నాకు హక్కు లేదు. వెళ్ళాలి. గట్టు మీద దిగాలి. నడవాలి. ఇంతవరకూ నాకు సందేహం లేదు. సందేహమల్లా, ఒకసారి చక్రం దిగిపోయాక, గోతి దగ్గర పార పట్టుకుని ఆ మనిషి నా వైపు చూసినప్పుడు, నేనేం చెయ్యవలసింది అన్నది. వంగి చూస్తే ఏమయ్యేది? గుడ్లు పగిలి ఉంటే అతికించలేను. పగలకపోతే ఆ నిమిషం నుంచీ గుండె తేలికపడేది. చూడటం వల్ల తాబేలుకు ఒరిగేదేమీ లేదు. మరి చూడకపోవటం తప్పని నాకెందుకు అనిపిస్తున్నది? చూసి ఉంటే నేను తిరిగి వచ్చి ఆ ఫోటో పదిమందికి పంపలేకపోయేవాణ్ణి. నాకు దొరికిన జవాబు ఇదొక్కటే. అది చాలినంత జవాబు అవునో కాదో మీరు చెప్పండి.

మన కార్యదర్శిగారు నవంబరులో పది కుటుంబాలతో మళ్ళీ మసీరా వెళదామనుకుంటున్నారు. గైడు నంబరు అడిగారు, ఇచ్చాను. నవంబరులో లాగర్‌హెడ్లు గుడ్లు పెట్టవు, ఆ సంగతీ చెప్పాను. ఏ నెలలో ఎవరి గుడ్లుంటాయో గైడునే అడగమన్నాను, అడిగి ఆయన కాదన్నచోట ఆగమన్నాను. ఒడ్డుకు దించనందుకు కూడా ఆ ఐదు రియాళ్ళూ ఆయనకిమ్మన్నాను. కార్యదర్శిగారు నవ్వి, "పని చెయ్యనందుకు కూడా డబ్బిస్తారుటండీ ఎక్కడైనా?" అన్నారు.

మావాడు యాత్ర నుంచి వచ్చిన రాత్రి వంటింట్లో తెలుగు క్యాలెండరు మీద ఏభై ఐదు రోజులు లెక్కపెట్టి జులై మొదటి వారంలో ఒక తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. ఆ రోజు నేను నెల ముగింపు లెక్కల్లో పడి రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పుతుంటే ఎదురొచ్చి, "నాన్నా, బయటికొచ్చుంటాయా?" అని అడిగాడు. వాడు ఆ గొయ్యి చూశాడని అప్పటిదాకా నాకు తెలియదు.